టైర్లు మార్చువేళ



ఒక పెద్ద బండిని కొనుటకు ముందు మన గృహములలో జరుగు చర్చ సామాన్యమైనది కాదు. రంగు ఎట్టిదై యుండవలెను, డీజిలు మేలా పెట్రోలు మేలా, పైకప్పుకు అద్దపు కిటికీ వలయునా అక్కరలేదా, వెనుక వరుసలో అత్తగారు కాళ్లు చాపుకొని కూర్చుండగలరా లేదా అను ప్రశ్నలపై నెలల తరబడి వాదోపవాదములు నడచి, బంధుమిత్రుల అభిప్రాయములు సేకరింపబడి, పంచాంగము తిరుగవేయబడి, శుభముహూర్తమున చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగిన పిమ్మట ఆ బండి ఇల్లు చేరును. నాలుగైదేండ్లు గడచి, నలువది ఏబది వేల కిలోమీటర్లు తిరిగి, ఆ చక్రములకున్న టైర్లు అరిగిపోయినప్పుడు మాత్రము, వానికి బదులు క్రొత్తవానిని ఎన్నుకొను కార్యము దుకాణము ముంగిట నిలుచుండి, చేతిలోని టీ చల్లారకముందే ముగిసిపోవుచున్నది. "ఏది మంచిదో అది వేయవయ్యా" అను ఒక్క వాక్యముతో యజమాని తన బాధ్యతనంతయు దుకాణదారుని భుజముపై మోపును. దుకాణదారుడు తన గోడౌనులో ఏవి నిలువయున్నవో వానినే మంచివిగా భావించుట లోకసహజము. అందుకు ఆయనను నిందింపబనిలేదు.

ఎస్‌యూవీ అని మనవారందరు పిలుచుకొను బండ్లలో నడితరగతివానిని తీసికొందము. అట్టి బండి వట్టి బరువే 1,700 కిలోలకు తక్కువ కాదు. ఇంటిల్లిపాదియు ఎక్కి, తిరుపతికో అన్నవరమునకో పయనమై, వెనుక పెట్టెలును బిందెలును సర్దినచో మొత్తము 2,300 కిలోల దాక పోవును. ఈ భారమంతయు నాలుగు టైర్లపై పడును గదా. ఒక్కొక్కదానిపై సుమారు 575 కిలోలు. టైరులోని గాలి 33 పౌండ్లున్నచో, అనగా చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 2.3 కిలోల ఒత్తిడి యున్నచో, ఆ బరువును మోయుటకు నేలను తాకవలసిన వైశాల్యము 250 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. రెండు అరచేతులను ప్రక్కప్రక్కన ఉంచిన మేర ఇంచుమించు అంతే యుండును. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవు ఏడుగురి ప్రాణములకు భూమితో గల సంబంధము అట్టి నాలుగు చోట్ల మాత్రమే యున్నది. బ్రేకులు ఎంత గొప్పవైనను అవి ఆపగలిగినది చక్రమును; బండిని ఆపవలసినది టైరు.

టైరు ప్రక్కగోడపై దానిని గూర్చి తెలిసికొనదగిన విషయమంతయు అచ్చొత్తబడియే యుండును గాని, ఆ వ్రాతను శ్రద్ధతో చదివినవారు అరుదు. మహీంద్రావారి ఎక్స్‌యూవీ 500, టాటావారి హ్యారియర్ మొదలగు బండ్లలో కొన్నిరకములకు వచ్చిన కొలత నొకదానిని ఉదాహరణముగా గ్రహింతము: 235/65 ఆర్17 104 హెచ్. ఇందు 235 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనునది ప్రక్కగోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఇంతయని. అనగా ఈ టైరుకు 153 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్. 17 రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒకే సంఖ్యలో మిల్లీమీటర్లును, శాతమును, అంగుళములును కలగాపులగముగా చేర్చిన ఈ విచిత్రపు పద్ధతిని ఎవరు కనిపెట్టిరో గాని, లోకమంతయు దానినే అనుసరించుచున్నది. 104 అను అంకె ఒక్కొక్క టైరు మోయగల బరువునకు సంకేతము. దానికి పట్టికలో 900 కిలోలని యున్నది. 100 అన్నచో 800 కిలోలు. చివరి హెచ్ వేగమునకు సంకేతము. గంటకు 210 కిలోమీటర్లు.

మన దేశమున ఎక్స్‌ప్రెస్‌వేలపై సైతము కార్లకు గరిష్ఠ వేగము 120 మాత్రమే కదా, 210 మనకేల యని కొందరు తర్కింతురు. ఎస్ గుర్తుగల 180 వేగపు టైరు చవుకగా దొరికినచో అదియే చాలునందురు. ఈ తర్కము పైకి సరళముగా తోచును గాని, ఆ గుర్తు వట్టి వేగమునకు కాదు, వేగము వలన పుట్టు వేడిని ఓర్చుకొను శక్తికి కూడ కొలమానమైయున్నది. మేనెలలో రెంటచింతలలోను, రామగుండములోను నీడయందే 45 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, తారురోడ్డు కాగి పెనమైయుండు మధ్యాహ్నవేళ, ఆ ఓర్పు నిష్ప్రయోజనమని ఎవరనగలరు? కావున కంపెనీవారు బండితో ఇచ్చిన కొలతలో భారసంకేతమును గాని వేగసంకేతమును గాని తగ్గింపరాదు. పెంచినచో దోషము లేదు.

వేడి ప్రస్తావన వచ్చినది గనుక, ఈ విషయమున లోకమునకు బుద్ధి చెప్పిన ఒక వృత్తాంతమును వివరించుట అవసరము. అమెరికాలో ఫోర్డు కంపెనీవారి ఎక్స్‌ప్లోరర్ అను బండి 1990లలో అక్కడి ఎస్‌యూవీలలోకెల్ల ఎక్కువగా అమ్ముడుపోయినది. దానికి అమర్చబడిన ఫైర్‌స్టోన్ టైర్లలో కొన్నిరకములవి వేగముగా పోవుచుండగా పై పొర ఊడిపోయి, బండి అదుపుతప్పి బోల్తాపడిన ఘటనలు వరుసగా జరిగినవి. అందును టెక్సాసు, అరిజోనా, ఫ్లోరిడా వంటి ఎండ మిక్కుటమైన రాష్ట్రములలో అధికముగా జరిగినవి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ వారు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనిరి. అమెరికా రహదారి భద్రతా సంస్థవారి లెక్కలో మరణములు 271. ఆ తరువాత నడచిన వివాదము మిక్కిలి బోధప్రదము. టైరు నిర్మాణముననే లోపమున్నదని ఫోర్డువారనిరి. బండి పొందిక చెడ్డదనియు, మెత్తని ప్రయాణము కొరకు ఫోర్డువారు 26 పౌండ్ల గాలి మాత్రమే చాలునని వ్రాయుట తగదనియు ఫైర్‌స్టోన్ వారనిరి. 2001 మేలో ఫోర్డువారు మరియొక కోటి ముప్పది లక్షల టైర్లను తమ ఖర్చుతో మార్చబూనిరి. హెన్రీ ఫోర్డు, హార్వీ ఫైర్‌స్టోన్ అను మిత్రులిద్దరి నాటి నుండి ఇంచుమించు నూరేండ్లు నిలిచిన వ్యాపారబంధము ఆ నెలలోనే తెగిపోయినది. ఎవరి వాదములో ఎంత సత్యమున్నను, వేడి, బరువు, తక్కువ గాలి అను మూడును ఒక్కచోట కూడిన టైరుకు ఏమి సంభవించునో అందరికిని తెలిసివచ్చినది. నేడు మన క్రొత్తబండ్ల మీటరులో సైతము కనిపించు గాలిహెచ్చరిక దీపము, ఈ దుర్ఘటన పిమ్మట అమెరికాలో చేయబడిన చట్టము మూలముననే 2007 నాటికి అక్కడి ప్రతి క్రొత్త కారులోను తప్పనిసరియైనది.

ఇంత జరిగినను, వేసవి రాగానే గాలి తగ్గించుకొనవలెనను నమ్మకము మన ఊళ్లలో నేటికిని చెక్కుచెదరలేదు. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి టైరు పగులునని, అందుచేత ముందుగానే నాలుగైదు పౌండ్లు వదలుట వివేకమని, అనుభవశాలురైన డ్రైవర్లు కూడ చెప్పుచుందురు. గాలి వ్యాకోచించుట నిజమే. ఐదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పౌండు పెరుగును. కాని డ్రైవరు తలుపు తెరచినచో కంబముపై కనిపించు చీటీలోని అంకె, ఆ పెరుగుదలను లెక్కలోనికి తీసికొని, టైరు చల్లగా నున్నప్పుడు ఉండవలసిన గాలిగా నిర్ణయింపబడినది. గాలి తగ్గించినచో ప్రక్కగోడ ప్రతి చుట్టునకు ఎక్కువగా వంగును. వంగిన రబ్బరు తాను గ్రహించిన శక్తినంతయు తిరిగి ఈయక కొంత వేడిగా మార్చును. ఆ వేడికి లోపలి ఉక్కుతీగల పొరకును పై రబ్బరుకును గల అతుకు సడలును. పగులునను భయముతో చేసిన పనియే పగులుటకు హేతువగుచున్నదన్నమాట. పూర్వము అడ్డపోగుల టైర్ల కాలమున కాలితో తన్నియో, ఇనుపకడ్డీతో కొట్టియో, కంటితో చూచియో గాలిని అంచనా వేయుట కొంత సాధ్యమయ్యెను. 1946లో ఫ్రాన్సున మిషెలిన్ కంపెనీ పేటెంటు పొందిన రేడియల్ టైరు ప్రక్కగోడ సరియైన గాలితోనే కొంచెము ఉబ్బి కనబడును గనుక, కన్ను ఇప్పుడు సాక్ష్యమునకు పనికిరాదు. గేజి ఒక్కటే శరణ్యము.

ఇక ఎన్నిక విషయము. దుకాణములో ఈ తరగతి బండ్లకు ప్రధానముగా రెండు జాతుల టైర్లు చూపుదురు. ఒకటి రహదారుల కొరకైనది, హెచ్.టి. అందురు. దాని గాడులు సన్ననివి, అచ్చులు దగ్గరగా కూర్చబడినవి. రెండవది ఏ.టి., అన్ని నేలలకును అని దాని ప్రతిజ్ఞ. గాడులు లోతు, అచ్చులు పెద్దవి, చూపు గంభీరము. మూడవదియైన బురదటైరు కూడ కలదు గాని దానితో మనకు పనిలేదు. ఏ.టి. టైరు వేసినంత మాత్రమున బండికి అడవిమృగపు రాజసము వచ్చునని యువకులు ముచ్చటపడుదురు, ఆ ముచ్చటను నేను కాదనను. కాని ఆ రాజసమునకు మూల్యము కలదు: నున్నని తారుపై మోత ఎక్కువ, బరువు ఎక్కువ, ఇంధనపు ఖర్చు ఎక్కువ; అంతకంటె ముఖ్యముగా, వానకు తడిసిన తారుపై ఎదురుగా గేదె అడ్డువచ్చి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు సాధారణముగా ఆగుదూరము కూడ ఎక్కువే. హైదరాబాదు నుండి విజయవాడకును, అక్కడి నుండి విశాఖకును పోవుచు వచ్చుచుండు బండికి, ఏడాది మొత్తములో తారు దిగి నడచునది బంధువుల ఇంటి పెండ్లిపందిరి ముందటి ఖాళీస్థలమున మాత్రమే. దానికి ఏ.టి. టైరు అలంకారమే గాని ఆయుధము కాదు.

అట్లని అది ఎవ్వరికిని వలదని నా అభిప్రాయము కాదు. నంద్యాల ప్రాంతముననో, ఆదిలాబాదుననో నల్లరేగడి పొలముల నడుమ కాపురముండి, తొలకరి కురిసినది మొదలు ప్రతిదినము ఆ బాటనే పోవలసిన రైతుకు హెచ్.టి. టైరు తగదు. రేగడిమట్టి సన్నని గాడులను నిండా పూడ్చివేయగా, నాలుగు చుట్లు తిరుగునప్పటికి టైరు నున్నని మట్టిగుండై ఉన్నచోటనే జారుచుండును. ఏజెన్సీ గ్రామముల రాళ్లబాటలలో తిరుగు వైద్యులకును, కాంట్రాక్టర్లకును కూడ ఏ.టి. టైరు గట్టి అచ్చు ఉపకరించును. నడచిన దారిని బట్టి టైరును ఎన్నుకొనవలెను; గడచిన సంవత్సరము మీ బండి నిజముగా ఎక్కడెక్కడ తిరిగినదో, ఇంటిలోని వారి సమక్షమున, నిజాయితీగా ఒక కాగితముపై వ్రాసికొన్నచో సగము సందేహములు తొలగిపోవును.

జాతి నిర్ణయమైన తరువాత అందరును అడుగు మొదటి ప్రశ్న, ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చునని. సంసారులకు ఇది న్యాయమైన ప్రశ్నయే. ఐతే రబ్బరు మిశ్రమమున ఒక చిక్కున్నది. అరగకుండుటకు రబ్బరు గట్టిగా నుండవలెను. తడినేలను పట్టుకొనుటకు మెత్తగా నుండవలెను. ఇంధనము ఆదా యగుటకు వంగినను వేడెక్కకుండవలెను. ఈ మూడును ఒక్కటిగా సాధించుట దుర్లభము. 1990ల ప్రారంభము నుండి నల్లని కార్బనుతో పాటు సిలికా అను ఇసుకజాతి పదార్థమును కలిపి ఈ విరోధమును కొంతవరకు శమింపజేసిరి గాని, పూర్తిగా తొలగింపలేదు. కావున లక్ష కిలోమీటర్లు వచ్చునని గర్వముగా చెప్పబడు టైరును చూచినప్పుడు, అది వానలో ఎట్లు ఆగునని అడుగుట నేర్చుకొనవలెను. నా మట్టుకు నాకు, పదివేల కిలోమీటర్లు తక్కువ వచ్చినను తడిరోడ్డుపై రెండు బారల ముందుగా ఆగు టైరే లాభసాటి బేరము. విదేశములలోని పిల్లల సలహాలు ఈ విషయమున మనకు వర్తింపవు. మాంట్రియల్‌లో ఉద్యోగము చేయుచున్న మనుమడు మంచుకొండ గుర్తుగల టైరు వేయించుమని చెప్పినచో, అక్కడ అది చట్టము. క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు తప్పనిసరి. 7 డిగ్రీల చలికి దిగువన మామూలు రబ్బరు బిగుసుకొనిపోవును గనుక అక్కడ మెత్తని మిశ్రమము వాడుదురు. అదే మిశ్రమము మన వేసవిలో పెన్సిలు మీది రబ్బరువలె అరిగిపోవును.

పెద్ద రిమ్ముల మోజు నొకమాటలో ముగింతును. 235/65 ఆర్17 టైరు మొత్తము వ్యాసము 737 మిల్లీమీటర్లు. 235/60 ఆర్18 వ్యాసము 739. రెంటికిని భేదము అత్యల్పము గనుక మీటరు వేగము తప్పు చూపదు, మార్చుకొనవచ్చును. కాని రిమ్ము పెరిగినకొలది ప్రక్కగోడ తగ్గును, గుంతలో పడినప్పుడు రిమ్ముకును గుంత అంచుకును నడుమ నలుగు రబ్బరు తగ్గును. ప్రక్కగోడపై కోడిగ్రుడ్డంత ఉబ్బు వచ్చినదన్నచో లోపలి పోగులు తెగినవని అర్థము. దానికి అతుకు లేదు, టైరు పారవేయవలసినదే. మన మునిసిపాలిటీల రోడ్లను తలచుకొన్నప్పుడు నేను 17 అంగుళముల పక్షమే వహింతును.

అరిగినదని ఎట్లు తెలియును? గాడుల అడుగున అక్కడక్కడ అడ్డముగా చిన్న తిన్నెలుండును. పై రబ్బరు అరిగి ఆ తిన్నెలతో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినదన్నమాట. మన చట్టము ప్రకారము కార్లకు అంతకు తక్కువ పనికిరాదు. చట్టము అనుమతించినది గదా యని అంతవరకు ఆగుట క్షేమము కాదు. క్రొత్తటైరున 8 మిల్లీమీటర్ల వరకు ఉండు గాడి, 3 మిల్లీమీటర్లకు దిగినప్పటి నుండి నీటిని తోడివేయు శక్తి త్వరితముగా క్షీణించి, జడివానలో టైరు నీటిపొరపై తేలిపోవును. కావున టైర్లు మార్చుటకు సరియైన కాలము ఆషాఢమునకు ముందే గాని, వానలు వెలిసిన పిదప కాదు.

డబ్బు చాలక రెండే మార్చవలసి వచ్చినప్పుడు ఆ రెంటిని ముందు వేయించుట మనవారి ఆచారము. ఇంజను ముందున్నది, తిప్పునది ముందుచక్రము గనుక అని హేతువు చెప్పుదురు. టైరు కంపెనీలన్నియు ముక్తకంఠముతో క్రొత్తవి వెనుక వేయుడనుచున్నవి. తడిరోడ్డుపై ముందు టైర్లు జారినచో బండి తిన్నగా పోవును; డ్రైవరు వేగము తగ్గించి దారికి తెచ్చుకొనగలడు. వెనుక టైర్లు జారినచో బండి తోక తిరిగి అడ్డముగా పడును. దానిని సరిదిద్దుట ఎంతటి నేర్పరికైనను కష్టము. నాలుగు చక్రములకును శక్తి పోవు బండ్లలో మాత్రము నాలుగు టైర్లును ఒకే రకమువియై, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండవలెను. లేనిచో చుట్టుకొలతల భేదము గేరుపెట్టెకు సంబంధించిన పళ్లచక్రములపై భారమై పరిణమించును.

బేరము కుదిరి డబ్బు చెల్లించుటకు ముందు ప్రక్కగోడపై డి.ఓ.టి. అను అక్షరముల తరువాతి వ్రాత చివర నాలుగంకెలు వెదకుడు. 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున పుట్టినదని అర్థము. ఆ అంకెలు కొన్నిసార్లు ఒక ప్రక్కన మాత్రమే ఉండును; రెండవ ప్రక్క త్రిప్పి చూపుమనుడు, మొగమోటపడకుడు. రబ్బరు వాడకున్నను వయస్సు మీరును. ఐ.ఎస్.ఐ. గుర్తును కూడ చూచుకొనుడు. సదాశివపేటలో ఎమ్మారెఫ్ వారి కర్మాగారమును, చినపాండూరులో అపోలో వారిదియు పనిచేయుచుండగా, మన ముంగిటనే ఇన్ని టైర్లు తయారగుచుండగా, మూడేండ్ల నాటి నిలువసరకును తగ్గింపు ధరకు తీసికొనవలసిన అగత్యము తెలుగువారికి లేదు. బిగించునప్పుడు పాతబడిన రబ్బరు వాల్వులను మార్పించుడు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించుడు. నట్లను గాలితుపాకితో విడిచిపెట్టక, చివరకు చేతిపానాతో కొలతమేర బిగింపుమని అడుగుడు.

ఇన్నియు చూచినవారు కూడ మరచునది స్టెప్నీని. డిక్కీ అడుగున చీకటిలో ఏండ్ల తరబడి పడియున్న ఆ టైరు నేల తాకకపోయినను దాని వయస్సు బండి వయస్సే. గాలియు ఎప్పుడో తగ్గియుండును. కొన్ని బండ్లకు కంపెనీవారు చిన్నకొలత స్టెప్నీ ఇత్తురు; దానితో గంటకు 80 కిలోమీటర్లు మించరాదని ఆ చక్రముపైననే వ్రాసియుండును. దుకాణమునకు పోయిన దినముననే దానిని కూడ బయటికి తీయించి, తేదీ చదివి, గాలి కొట్టించి మరల లోపల పెట్టించుడు. ఆ పనికి పది నిమిషములు చాలును.